నెలసరి నొప్పికి మాత్రా? హిప్నాటిజమా?

(పన్నెండవ తరగతి విద్యార్థిని, కోహ్కా, భిలాయి)

ఈ శీర్షిక చూడగానే అబ్బాయిలు కొందరు పేజీ తిప్పేస్తారని నాకు తెలుసు. తిప్పకండి. మీ ఇంట్లో అక్కో చెల్లో అమ్మో ఉన్నారు. మీ పక్క బెంచీలో నెలకొకసారి తల వాల్చి కూర్చునే అమ్మాయీ ఉంది. ఆమెకు ఏమవుతోందో తెలిస్తే ఆ రోజు ఆమెతో ఎలా మాట్లాడాలో మీకే అర్థమవుతుంది. పైగా ఇందులో జైలు ఖైదీలూ ఉన్నారు, చెట్టును పట్టుకుని మూర్ఛపోయిన కుర్రవాడూ ఉన్నాడు. కాబట్టి మొత్తం చదవండి.

మా ఇంట్లో దీన్ని మూడు భాషల్లో చెప్పుకుంటాం. అమ్మమ్మ "బయట ఉంది" అంటుంది. అమ్మ "నెలసరి" అంటుంది. బడిలో మేము హిందీలో "డేట్ ఆయా" అని గుసగుసలాడుకుంటాం. పేరేదైనా నొప్పి ఒకటే. పొత్తికడుపులో మెలిపెట్టినట్లు మొదలై నడుముకూ తొడలకూ పాకుతుంది. కొందరికి వాంతులు, కొందరికి విరేచనాలు, కొందరికి తలనొప్పి. కరీంనగర్‌లో 14 నుంచి 19 ఏళ్ల అమ్మాయిలు 101 మందిని అడిగి చేసిన ఒక సర్వే 2008లో అచ్చయింది. అందులో 54 శాతం మంది తమకు నెలసరి నొప్పి ఉందన్నారు. పల్లెల్లో 53 శాతం, పట్నంలో 56 శాతం. అంటే ఊరు మారినా లెక్క పెద్దగా మారలేదు. నలభై మంది ఉన్న మన క్లాసులో ఇరవై మంది అమ్మాయిలుంటే వాళ్లలో పదిమందికి ఈ సంగతి అనుభవమే అన్నమాట. ఆ పదిమందిలో ఎవరికో ఒకరికి నొప్పి రోజూ, గణితం పరీక్ష రోజూ ఒకటవుతుంది.

మనలాంటి బదిలీ పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. కొత్త ఊరు, కొత్త బడి. ఎవరిని అడగాలో తెలియదు. పాత ఊళ్లో మనల్ని చిన్నప్పటి నుంచి చూసిన డాక్టరమ్మ అక్కడే ఉండిపోయింది. అమ్మమ్మ శ్రీకాకుళంలో ఉంది, ఫోనులో వాము కషాయం చెబుతుంది. పక్కింటి ఆంటీ ఛత్తీస్‌గఢీలో ఇంకేదో చెబుతుంది. క్లాసులో స్నేహితురాలు పెన్సిల్ బాక్సులోంచి ఒక మాత్ర తీసి ఇస్తుంది. ఈమధ్య వీటికి తోడు ఫోనులో కనబడే వీడియోలు వచ్చాయి. "కళ్లు మూసుకోండి, హిప్నాసిస్‌తో పది నిమిషాల్లో నొప్పి మాయం" అంటాయి. అందుకే మాత్ర ఏం చేస్తుంది, హిప్నాసిస్ ఏం చేస్తుంది అన్నది చదివి, తెలుసుకున్నంత రాస్తున్నాను.

ముందు నొప్పి ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. గర్భాశయం కండరంతో చేసిన సంచి. దాని లోపలి పొర ప్రతి నెలా మందంగా పెరుగుతుంది. గర్భం రాకపోతే ప్రొజెస్టెరాన్ అనే హార్మోను పడిపోతుంది, ఆ పొర విరిగి బయటికి వస్తుంది. విరిగే సమయంలో ఆ కణాలు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను విడుదల చేస్తాయి. అవి గర్భాశయ కండరాన్ని గట్టిగా ముడుచుకోమంటాయి. కండరం బిగిసినప్పుడు దాని లోపల ఉన్న రక్తనాళాలు నలుగుతాయి. రక్తం అందదు, ప్రాణవాయువు అందదు. ప్రాణవాయువు అందని కండరం నొప్పి పెడుతుంది. గుడ్డతో చేతిని గట్టిగా కట్టేసి పిడికిలి మూస్తూ తెరుస్తూ ఉంటే కాసేపటికి చెయ్యి ఎలా లాగుతుందో అలాంటిదే ఇదీ. ఈ రసాయనాలు కొంత రక్తంలో కలిసి పేగులనూ కదిలిస్తాయి. వాంతులూ విరేచనాలూ అందుకే.

నెలసరి మొదలైన తొలి ఏడాదిలో చాలామందికి నొప్పి ఉండదు. అండం విడుదల కాని నెలల్లో ప్రొజెస్టెరాన్ పెరగదు, పడదు. కాబట్టి ప్రోస్టాగ్లాండిన్ల గోలా అంతగా ఉండదు. ఏడో తరగతిలో ఏ బాధా లేని అమ్మాయికి తొమ్మిదో తరగతిలో నొప్పి మొదలైతే "ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెందుకొచ్చింది, నటిస్తోందా" అనే పెద్దవాళ్లు ఈ పేరా చదవాలి.

ఈ రసాయనాల కథ కూడా చిత్రమైనదే. 1930లలో స్వీడన్ శాస్త్రవేత్త ఉల్ఫ్ ఫాన్ ఆయిలర్ వీటిని మగవారి వీర్యద్రవంలో గుర్తించి, ప్రోస్టేట్ గ్రంథి నుంచి వస్తున్నాయనుకుని ఆ పేరు పెట్టాడు. ఆడవాళ్ల నొప్పికి మూలమైన పదార్థానికి మగవాళ్ల గ్రంథి పేరు అలా అతుక్కుపోయింది. 1957లో బ్రిటన్‌లో పికిల్స్ అనే శాస్త్రవేత్త నెలసరి స్రావంలోనే కండరాన్ని ముడుచుకునేలా చేసే పదార్థం ఉందని చూపాడు. అంతవరకూ చాలామంది వైద్యులు ఈ నొప్పిని మనసుకు సంబంధించినదిగానే రాసేవారు. 1971లో జాన్ వేన్ ఆస్పిరిన్ వంటి మందులు శరీరంలో ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే ఆపుతాయని కనుగొన్నాడు. దానికి 1982లో మరిద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. నెలసరి నొప్పికి మాత్ర ఎందుకు పనిచేస్తుందో అప్పటికి గాని తేలలేదు.

ఇక మాత్రల సంగతి. ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్, మెఫెనామిక్ యాసిడ్ అన్నీ ఒకే కుటుంబం. మన దేశంలో ఆడపిల్లల బ్యాగుల్లో కనిపించేది ఎక్కువగా మెఫెనామిక్ యాసిడ్. మెఫ్టాల్ అనే పేరు తెలియని అమ్మాయి మన బడిలో ఉందంటే నేను నమ్మను. మెఫ్టాల్ స్పాస్‌లో దానికి డైసైక్లోమిన్ అనే ఇంకో మందు కలిపి ఉంటుంది. అది బిగిసిన కండరాన్ని వదులు చేస్తుంది. నోరు ఎండిపోవడం, మత్తుగా ఉండడం, చూపు కాస్త మసకబారడం దాని వల్లే. పరీక్ష రోజు మొదటిసారి ఆ మాత్ర వేసుకోవడం తెలివైన పని కాదని దీన్నిబట్టే తెలుస్తుంది.

ఈ మందులు ప్రోస్టాగ్లాండిన్లు తయారయ్యే దారిలో ఉన్న ఒక ఎంజైమును అడ్డుకుంటాయి. అప్పటికే తయారైపోయిన వాటిని తీసేయవు. ఈ ఒక్క వాక్యం అర్థమైతే మాత్ర ఎప్పుడు వేసుకోవాలో అర్థమైనట్లే. నొప్పి భరించలేనంత అయ్యాక, వాంతులు మొదలయ్యాక వేసుకుంటే సగం పని అప్పటికే చెయ్యి దాటిపోయింది. నొప్పి మొదలవుతున్నప్పుడే, కడుపులో ఏదైనా పడ్డాక, డాక్టరు చెప్పిన మోతాదులో వేసుకోవాలి. "ఓర్చుకో, ఓర్చుకో" అని సాయంత్రం దాకా ఆపి రాత్రి మాత్ర ఇచ్చి, "చూశావా, మాత్రలతో ఏమీ కాదు" అనే మాట మన ఇళ్లలో చాలా వినబడుతుంది. మాత్ర పని చేయకపోవడానికి కారణం అక్కడ ఆలస్యమే.

అయితే మాత్ర అందరికీ పనిచేస్తుందా? ప్రపంచంలో జరిగిన ప్రయోగాలన్నిటినీ ఏరి కూర్చే కాక్రేన్ అనే సంస్థ 2015లో ఈ మందుల మీద 80 ప్రయోగాలను కలిపి చూసింది. మొత్తం 5,820 మంది స్త్రీలు. మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చినప్పుడు నూటికి 18 మందికి మంచి ఉపశమనం కలిగితే, నిజమైన మాత్ర ఇచ్చినప్పుడు 45 నుంచి 53 మందికి కలిగింది. ఈ అంకెల్ని నేను రెండుసార్లు చదివాను. మాత్ర పనిచేస్తుంది, అందులో సందేహం లేదు. కానీ దాదాపు సగంమందికి అనుకున్నంత ఉపశమనం రాలేదు. ఇంకో సంగతి, ఉత్తుత్తి మాత్ర మింగిన వాళ్లలోనూ 18 మంది బాగుపడ్డారు. ఈ 18 అనే అంకెను గుర్తుపెట్టుకోండి, హిప్నాసిస్ దగ్గర మళ్లీ పనికొస్తుంది.

మాత్రలకు దుష్ఫలితాలూ ఉన్నాయి. కడుపులో మంట, పుండు ఉన్నవాళ్లకు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు, ఆస్పిరిన్ వంటి మందులకు ఆయాసం వచ్చేవాళ్లకు ఇవి పడవు. 2023 నవంబరు 30న ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ మెఫెనామిక్ యాసిడ్ గురించి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక ఇచ్చింది. ఈ మందు వల్ల 'డ్రెస్ సిండ్రోమ్' అనే తీవ్రమైన అలర్జీ రావచ్చని, డాక్టర్లూ వాడేవాళ్లూ కనిపెట్టి ఉండాలని దాని సారాంశం. ఈ అలర్జీలో జ్వరం, ఒంటిమీద దద్దుర్లు, మెడ దగ్గర గ్రంథుల వాపు వస్తాయి, కాలేయం వంటి అవయవాలు దెబ్బతినవచ్చు. మందు మొదలుపెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాల మధ్య బయటపడుతుంది కాబట్టి మాత్రకూ దద్దుర్లకూ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు. ఆ వార్త వచ్చిన రోజు మా వాట్సాప్ గ్రూపులో "ఇక మెఫ్టాల్ ముట్టుకోవద్దు" అని అందరికీ అందరూ పంపారు. నిజానికి ఆ అలర్జీ చాలా అరుదు, మందును నిషేధించలేదు కూడా. భయపడి పారేయనక్కర్లేదు, పిప్పరమెంటులా పంచిపెట్టనూ కూడదు. డాక్టరు చీటీ మీద తీసుకోవలసిన మందు అది. ఎవరికి ఏ అలర్జీ ఉందో పెన్సిల్ బాక్సుకు తెలియదు కదా.

ఇప్పుడు రెండోవైపు వద్దాం.

తెలుగువాళ్లకు హిప్నాటిజం అనగానే గుర్తొచ్చే పేరు బి.వి. పట్టాభిరామ్ గారు. మేజిక్ ప్రదర్శనలు, హిప్నాటిజం ప్రదర్శనలు, తరువాత వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు. మా నాన్నగారి వయసు వాళ్లలో ఆయన ప్రదర్శన చూసినవాళ్లు చాలామంది ఉన్నారు. వేదిక మీద హిప్నాటిజం చూసినవాళ్లకు ఒక అభిప్రాయం పడిపోతుంది. హిప్నాటిస్టు చెయ్యి ఊపుతాడు, ఎదుటివాడు నిద్రపోతాడు, చెప్పిందల్లా చేస్తాడు అని. వైద్యంలో వాడే హిప్నాసిస్ అది కాదు. అది నిద్ర కాదు. మనిషికి తెలివి ఉంటుంది, మాటలు వినబడతాయి, ఇష్టం లేకపోతే లేచి వెళ్లిపోవచ్చు. ఒక మంచి సినిమా చూస్తున్నప్పుడు అమ్మ మూడుసార్లు పిలిచినా వినబడదు చూడండి, ఆ రకం ఏకాగ్రత. నిపుణుడు ముందు ఊపిరి మీదకో ఒక దృశ్యం మీదకో ధ్యాస తీసుకెళతాడు. శరీరం సడలాక సూచనలు ఇస్తాడు. "పొత్తికడుపు మీద వెచ్చటి ఎండ పడుతోంది, ముడి విడిపోతోంది" వంటివి. తరువాత మామూలు స్థితికి తీసుకొస్తాడు. కొన్నిసార్లు అయ్యాక ఇంట్లో ఎవరికి వారే చేసుకోవడం నేర్పుతారు.

ఇది కొత్తగా పుట్టిన సంగతి కాదు. 1780ల ప్యారిస్‌లో మెస్మర్ అనే వైద్యుడు తన చేతుల్లోంచి ఒక అయస్కాంత శక్తి వెలువడి జబ్బులు నయం చేస్తుందన్నాడు. జనం ఎగబడ్డారు. 1784లో రాజు ఒక విచారణ సంఘం వేశాడు. అందులో బెంజమిన్ ఫ్రాంక్లిన్, మన రసాయనశాస్త్రం పుస్తకంలో ఉన్న లావాయిజర్ కూడా ఉన్నారు. వాళ్లు చేసిన పరీక్ష నాకు చాలా నచ్చింది. ఫ్రాంక్లిన్ తోటలో ఒక చెట్టుకు మాత్రం 'శక్తి' ఎక్కించారు. పన్నెండేళ్ల కుర్రవాడి కళ్లకు గంతలు కట్టి ఒక్కో చెట్టు దగ్గరికీ తీసుకెళ్లారు. నాలుగో చెట్టు దగ్గర వాడు మూర్ఛపోయాడు. అది శక్తి ఎక్కించిన చెట్టు కాదు! అయస్కాంత శక్తి లేదు, ఉన్నదల్లా ఊహాశక్తి అని సంఘం తేల్చింది. మెస్మర్ పరువు పోయింది. కానీ ఆ కుర్రవాడు నిజంగానే పడిపోయాడు. ఊహ ఒక మనిషిని నేల మీద పడేయగలిగితే దానితో నొప్పిని తగ్గించలేమా అని ఆ రోజు ఎవరూ గట్టిగా అడిగినట్లు లేదు.

అడిగినవాడు మన దేశంలో పనిచేసిన ఒక స్కాట్లండ్ డాక్టరు. పేరు జేమ్స్ ఎస్‌డెయిల్. బెంగాల్లో హుగ్లీ దగ్గర ఉద్యోగం. 1845 ఏప్రిల్ 4న ఒక ఖైదీకి శస్త్రచికిత్స చేస్తూ, నొప్పితో విలవిల్లాడుతున్న అతని మీద మెస్మర్ పద్ధతి ప్రయత్నించాడు. అప్పటికి మత్తుమందు లేదు. ఆపరేషన్ అంటే నలుగురు పట్టుకోవడం, ఒకరు కోయడం. ఆ పద్ధతి పనిచేసిందని చెప్పి తరువాత పెద్ద పెద్ద కణుతులు కూడా అలాగే కోశాడు. 1846లో కలకత్తాలో అతనికి ఒక చిన్న ఆసుపత్రే ఇచ్చారు. అయితే రోగిని ఆ స్థితిలోకి తేవడానికి సహాయకులు గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి చేతులు ఊపుతూ కూర్చోవాల్సి వచ్చేది. కొందరు ఎంతసేపు ఊపినా లొంగేవారు కాదు. అదే 1846 అక్టోబరులో అమెరికాలో ఈథర్, 1847లో బ్రిటన్‌లో క్లోరోఫారం వచ్చాయి. నాలుగు నిమిషాల్లో ఎవరినైనా మత్తులో పడేసే సీసా ముందు గంటల తరబడి చేతులు ఊపడం నిలవలేదు. మాత్రకూ హిప్నాసిస్‌కూ ఈనాటికీ ఉన్న తేడా ఇక్కడే కనబడుతుంది. మందు ఎవరు ఇచ్చినా మందే. హిప్నాసిస్ ఇచ్చేవారిని బట్టి, పుచ్చుకునేవారిని బట్టి మారిపోతుంది. మనుషుల్లో పదిమందిలో ఒకరిద్దరు సూచనలకు చాలా తేలికగా స్పందిస్తారు. దాదాపు అంతేమంది అసలు స్పందించరు. మిగతావాళ్లు మధ్యలో ఉంటారు.

మరి హిప్నాసిస్ నిజంగా నొప్పి తగ్గిస్తుందా, లేక తగ్గిందని అనిపిస్తుందా? ఈ ప్రశ్న అడగగానే నాకు ఇంకో ప్రశ్న వచ్చింది. నొప్పి విషయంలో ఈ రెండింటికీ తేడా ఏమిటి? 1997లో కెనడాలో రెన్‌విల్ అనే శాస్త్రవేత్త బృందం ఒక ప్రయోగం చేసింది. హిప్నాసిస్‌లో ఉన్నవాళ్ల చేతిని నొప్పి పుట్టించేంత వేడినీళ్లలో ఉంచి, ఆ నొప్పి తక్కువ బాధగా ఉందని ఒకసారి, ఎక్కువ బాధగా ఉందని ఒకసారి సూచించారు. నీళ్ల వేడి మారలేదు. మెదడు చిత్రాలు తీస్తే, నొప్పి ఎక్కడ, ఎంత అని గుర్తించే భాగం రెండుసార్లూ ఒకేలా ఉంది. నొప్పిని 'బాధ'గా అనుభవించే లోపలి భాగం మాత్రం సూచనను బట్టి మారింది. అంటే హిప్నాసిస్ గర్భాశయంలో ప్రోస్టాగ్లాండిన్లను ఆపుతుందని కాదు. కింద మోగుతున్న గంట మోగుతూనే ఉంటుంది, పైన దాన్ని వినేవాడు తలుపు వేసుకుంటాడు. మాత్ర గంట దగ్గర పనిచేస్తుంది. హిప్నాసిస్ తలుపు దగ్గర పనిచేస్తుంది.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన పరిశోధనలు చాలా తక్కువ. అలాంటిది ఒకటి మన దేశపు వైద్యులే చేశారు. 2014లో హిప్నాసిస్ మీద వచ్చే ఒక అంతర్జాతీయ పత్రికలో అచ్చయింది. 50 మంది నర్సింగ్ విద్యార్థినులను, అంటే మనకంటే రెండు మూడేళ్లు పెద్దవాళ్లను, నొప్పి తీవ్రత చూసి రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు మూడు నెలసరుల పాటు మందులు. రెండో జట్టుకు మూడు నెలసరుల పాటు హిప్నాసిస్. తరువాత మూడు నెలసరులు ఎవరికీ ఏ చికిత్సా ఇవ్వకుండా చూశారు. మూడో నెలసరికి మందూ హిప్నాసిస్ ఇంచుమించు ఒకేలా పనిచేశాయి. చికిత్స ఆపేశాక ఆరో నెలసరిలో కూడా పరిస్థితి మొదటికంటే మెరుగ్గానే ఉంది.

చదవగానే నాకు సంతోషం కలిగింది. తరువాత మన ప్రాక్టికల్ రికార్డులో రాసే 'కంట్రోల్' గుర్తొచ్చింది. ఏ చికిత్సా లేని మూడో జట్టు ఇందులో లేదు. మెఫెనామిక్ యాసిడ్ వంటి మందు ఒంట్లో ఉండేది గంటల లెక్కనే. మాత్ర ఆపిన మూడు నెలల తరువాత కనబడే మేలు మాత్రది కాలేదు. అయితే ఎవరిది? నొప్పి బాగా ఎక్కువగా ఉన్నప్పుడే మనం చికిత్సకు వెళతాం, దాని తరువాత ఎలాగూ కొంత తగ్గుతుంది. ఎవరో శ్రద్ధగా ప్రతి నెలా అడిగి రాసుకోవడమే కొంత మేలు చేసి ఉండవచ్చు. పైగా మాత్రకైతే ఉత్తుత్తి మాత్ర చేయవచ్చు, తిన్నవాళ్లకు తేడా తెలియదు. ఉత్తుత్తి హిప్నాసిస్ ఎలా చేస్తారు? తనకు హిప్నాసిస్ జరుగుతోందని అమ్మాయికి తెలుస్తూనే ఉంటుంది కదా. ఇందాక చెప్పిన 18 మంది ఇక్కడ ఎక్కడున్నారో కనిపెట్టడం కష్టం. 50 మంది అంటే చిన్న లెక్క కూడా. కాబట్టి నా అభిప్రాయం ఇది. హిప్నాసిస్ కొందరికి సాయపడుతుందనడానికి ఆధారం ఉంది, కానీ 80 ప్రయోగాల మాత్ర పక్కన దాన్ని సమానంగా నిలబెట్టేంత ఆధారం ఇంకా లేదు. మాత్ర పడనివాళ్లకు, మాత్ర వేసుకున్నా చాలనివాళ్లకు, నొప్పి కంటే నొప్పి వస్తుందన్న భయంతోనే ముందు రెండు రోజులు కుంగిపోయేవాళ్లకు అది ప్రయత్నించదగ్గది. మాత్ర మానేసి దాన్నే పట్టుకొమ్మని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఎవరి దగ్గర నేర్చుకోవాలన్నది ఇంకా ముఖ్యం. 2003 నవంబరు 25న కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఇచ్చిన ఉత్తర్వులో హిప్నోథెరపీని చికిత్సా పద్ధతిగా సిఫారసు చేస్తూనే, తగిన శిక్షణ పొందినవారు మాత్రమే చేయాలని రాసింది. సైకియాట్రిస్టు గాని, రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు గాని అయితే మంచిది. వెంట అమ్మో అక్కో ఉండాలి. వద్దంటే ఆపేసేవాళ్లు కావాలి. గది తలుపు వేసి ఒంటరిగా రమ్మనే వాళ్ల దగ్గరికి ఎట్టి పరిస్థితిలోనూ వెళ్లకూడదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 1954 నాటి మందులు, మాంత్రిక చికిత్సల ప్రకటనల చట్టం కింద స్త్రీల నెలసరి సమస్యలను సరిచేస్తామని మందులకు ప్రకటనలు ఇవ్వడమే నేరం. తాయెత్తులు, మంత్రాలు కూడా ఆ చట్టం పరిధిలోకి వస్తాయి. "మూడు రోజుల్లో గ్యారంటీ" అని కనబడితే ఈ చట్టం పేరు గుర్తు తెచ్చుకోండి.

మాత్రకూ హిప్నాసిస్‌కూ మధ్య వంటింటి చికిత్సలు మరిచిపోయాననుకుంటారేమో. వేడినీళ్ల సంచి గురించి అమ్మమ్మ చెప్పింది అక్షరాలా నిజం. 2001లో అమెరికాలో చేసిన ప్రయోగంలో పొత్తికడుపు మీద దాదాపు 39 డిగ్రీల వెచ్చదనం రోజుకు 12 గంటలు ఉంచితే, అది రోజుకు మూడుసార్లు వేసుకున్న ఐబుప్రొఫెన్ మాత్రకు తీసిపోలేదు. 39 డిగ్రీలంటే కాస్త గట్టి జ్వరం వచ్చిన ఒంటి వేడి, అంతే. మరిగే నీళ్లు పోసి చర్మం కాల్చుకోనక్కర్లేదు. వ్యాయామం గురించి 2019లో కాక్రేన్ చూసింది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి ముప్పావు గంట నుంచి గంట దాకా చేసేవాళ్లకు వంద మార్కుల నొప్పి కొలమానం మీద ఓ 25 మార్కులు తగ్గాయి. ఆధారం అంత గట్టిది కాదని వాళ్లే రాశారు. అయినా నెలసరి అనగానే ఆటల పీరియడ్‌లో అమ్మాయిని మూలన కూర్చోబెట్టడం అవసరం లేదని మాత్రం చెప్పవచ్చు. ఆడాలనుంటే ఆడనివ్వాలి, వద్దంటే వదిలేయాలి.

ఇక నేను అన్నిటికంటే ముఖ్యమనుకునేది. పైన చెప్పిందంతా వేరే జబ్బు ఏదీ లేని మామూలు నొప్పికి. కొందరికి నొప్పి వెనక ఎండోమెట్రియోసిస్ వంటి జబ్బు ఉంటుంది. గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం బయట ఎక్కడో పెరుగుతుంది. అలాంటి నొప్పిని హిప్నాసిస్‌తో అయినా, మాత్రతో అయినా కప్పిపెడితే జబ్బు లోపల పెరుగుతూనే ఉంటుంది. అందువల్ల మాత్ర వేసుకున్నా నెలనెలా బడి మానవలసి వస్తోందంటే, నొప్పి ప్రతి నెలా పెరుగుతోందంటే, నెలసరి లేని రోజుల్లోనూ నొప్పి ఉంటే, రెండు గంటలకే ప్యాడ్ నిండిపోతుంటే, జ్వరం వస్తే, మూత్ర విసర్జనలోనో మల విసర్జనలోనో నొప్పి ఉంటే గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లాలి. "ఆడపిల్లన్నాక ఇది మామూలే, పెళ్లయితే తగ్గుతుంది" అన్న మాట విని ఊరుకోకూడదు. భిలాయిలో సెక్టార్ 9 ఆసుపత్రి ఉంది, రాయపూర్‌లో ఎయిమ్స్ ఉంది. రేపు మనం వెళ్లబోయే ఊళ్లో ఏముందో తెలియదు.

అందుకే బదిలీ పిల్లలకు నాదొక చిన్న సలహా. ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఏ తేదీన మొదలైంది, ఎన్ని రోజులుంది, నొప్పికి పదిలో ఎన్ని మార్కులు, ఏ మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారు, ఎంతసేపటికి తగ్గింది, బడి మానారా, ఒంటిమీద దద్దుర్లేమైనా వచ్చాయా. నాలుగు నెలలది ఒక పేజీలో సరిపోతుంది. ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చినప్పుడు కూలరూ గ్యాస్ కనెక్షన్ కాగితాలూ ఎలా జాగ్రత్త చేస్తామో అలాగే ఆ బుక్కునూ చేతి సంచిలో పెట్టుకోండి, లారీలో వేయకండి. కొత్త ఊళ్లో కొత్త డాక్టరు భాష రాకపోయినా తేదీలూ అంకెలూ అర్థమవుతాయి. ఏదైనా మాత్ర వేసుకున్నాక దద్దుర్లు, జ్వరం వస్తే మాత్ర ఆపి డాక్టరుకు చూపించండి. ఆ సంగతి 1800-180-3024 అనే ఉచిత నంబరుకు కూడా చెప్పవచ్చు. మందుల దుష్ఫలితాలు నమోదు చేసుకోవడానికి ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతున్న నంబరు అది. డాక్టర్లే కాదు, మనమూ ఫోను చేయవచ్చు.